గంధమా, నెమలికంఠమా: గోడ రంగును తేల్చేది గదిలోని వెలుగు

రెండు షేడ్ కార్డు ముక్కలు చేతిలో పెట్టుకుని వారాల తరబడి తేల్చుకోలేనివాళ్లు చాలావరకు రంగు దగ్గర ఆగిపోయినవాళ్లు కారు. ముదురా, లేతా అన్న దగ్గర ఆగిపోయినవాళ్లు. ఒక ముక్క గంధం రంగు, రెండోది నెమలికంఠం రంగు అనుకుందాం. పైకి ఇది పసుపుకీ నీలానికీ మధ్య తగవులా కనిపిస్తుంది. గదిలోకి అడుగుపెట్టిన మనిషికి మొదట తగిలేది మాత్రం వేరే తేడా. గంధం గోడ తన మీద పడ్డ వెలుగులో 70 శాతం దాకా తిరిగి గదిలోకి పంపుతుంది. నెమలికంఠం గోడ 90 శాతం మింగేస్తుంది. లేత నీలమా, లేత పసుపా అన్నది అభిరుచికి సంబంధించిన సంగతి. ఈ రెండింటిలో ఏదన్నది గదిలో ఎంత వెలుగు ఉండాలన్న సంగతి. దానికి ముందు జవాబు చెప్పుకుంటే రంగు తగవు సగం దానంతటదే తీరుతుంది.

రంగుని మూడు ముక్కలుగా విడదీసి చూడటం ఇక్కడ పనికొస్తుంది. 1905లో ఆల్బర్ట్ మన్సెల్ అనే అమెరికన్ చిత్రకారుడు ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఏ రంగుకైనా మూడు లక్షణాలు: అది ఏ రంగు (ఎరుపా, పసుపా, నీలమా), ఎంత లేత లేదా ముదురు, ఎంత చిక్కన లేదా ఎంత బూడిదబారినది. షేడ్ కార్డు చూసేటప్పుడు కన్ను మొదటిదాన్నే పట్టుకుంటుంది. గోడలో ఏళ్ల తరబడి అనుభవంలోకి వచ్చేవి మిగతా రెండూ. పెయింటు కంపెనీల షేడ్ సమాచారంలో ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె చాలాసార్లు ఉంటుంది. ఆ రంగు ఎంత వెలుగును తిప్పి పంపుతుందో అది 0 నుంచి 100 లోపు చెబుతుంది. నిజమైన పెయింట్లలో అచ్చమైన నలుపు కూడా సున్నాకి దిగదు, తెలుపు కూడా నూరుకి చేరదు. షేడ్ పేరు ఎంత కవితాత్మకంగా ఉన్నా, ఎంపికలో ఎక్కువ పనికొచ్చేది పేరు కింద చిన్నక్షరాల్లో ఉండే ఆ అంకె.

గోడ నుంచి గోడకి

వెలుగు ఒకసారి గోడని తాకి ఊరుకోదు. ఒక గోడ మీద పడి ఎదుటి గోడకి, అక్కడి నుంచి సీలింగుకి, మళ్లీ గోడకి తిరుగుతూనే ఉంటుంది. ప్రతి తాకిడికీ కొంత ఖర్చవుతుంది. ఎంత మిగులుతుందన్నది గదిలోని ఉపరితలాల సగటు మీద ఆధారపడుతుంది. దీన్ని లెక్కగట్టడం అంత కష్టమేం కాదు.

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఒక ఖాళీ గదిని తీసుకుందాం. తలుపులు, కిటికీలు, సామాను పక్కన పెడదాం. నేల 12 చదరపు మీటర్లు, సీలింగు 12, నాలుగు గోడలూ కలిపి 42. అంటే గది లోపలి ఉపరితలంలో దాదాపు మూడింట రెండు వంతులు గోడలే. తెల్ల సీలింగు 85 శాతం, మామూలు నేల 30 శాతం వెలుగు తిప్పి పంపుతాయనుకుంటే, నాలుగు గోడలకీ గంధం రంగు వేసిన గదిలో సగటు 65 శాతం దగ్గర తేలుతుంది. నాలుగింటికీ నెమలికంఠం వేస్తే అదే సగటు 27కి పడిపోతుంది.

ఇప్పుడు ఒకే బల్బు రెండు గదుల్లోనూ వెలిగించామనుకోండి. బల్బు నేరుగా ఇచ్చే వెలుగు రెండుచోట్లా ఒకటే. గోడలు, సీలింగు తిప్పి పంపే వెలుగు మాత్రం గంధం గదిలో బల్బు ఇచ్చినదానికి 1.9 రెట్లు, నెమలికంఠం గదిలో 0.4 రెట్లు కూడా ఉండదు. అయిదు రెట్ల తేడా. ముదురు గదిలో దీపం కింద పుస్తకం బాగానే కనిపిస్తూ, గది మూలలు మాత్రం చీకటి గుయ్యారంలా ఉండటానికి కారణం ఇదే. అక్కడ నేరుగా పడే వెలుగు ఉంది, చుట్టూ పరుచుకునే వెలుగు లేదు. అక్కడే ఇంకో బల్బు తగిలిస్తే మొత్తం వెలుగు పెరుగుతుంది గానీ ఈ నిష్పత్తి మారదు. వెలుగు ఉన్నచోటా లేనిచోటా తేడా అలాగే మిగిలిపోతుంది. కాబట్టి ముదురు గదికి కావలసింది ఒకే పెద్ద దీపం కాదు, నాలుగైదు చోట్ల చిన్న దీపాలు.

ఇదే లెక్కలో ఒక మధ్యేమార్గం కూడా ఉంది. 4 మీటర్ల గోడ ఒక్కదానికే నెమలికంఠం వేసి మిగతా మూడింటికీ గంధం వేస్తే, తిరిగొచ్చే వెలుగు 1.9 నుంచి 1.2 రెట్లకి తగ్గుతుంది. మూడో వంతుకి పైగా నష్టం. ఒక్క గోడే కదా అని తేలిగ్గా తీసుకునేంత చిన్నదేం కాదు. గోడల కింది భాగం మాత్రం, మీటరు ఎత్తు వరకు చుట్టూ ముదురు వేసి పైన లేత రంగు వేస్తే నష్టం దాదాపు అంతే (1.1 రెట్లు), కాని ముదురు రంగు చూపుకి చాలా తక్కువగా అనిపిస్తుంది. వెలుగు లెక్క, చూపు లెక్క ఒకటి కావన్నమాట.

ఏ గది ఎలా ఉండాలన్నది దాని పనిబట్టి. పగలంతా కూర్చుని చదివే, రాసే, కుట్టే గదిలో పరుచుకునే వెలుగు కావాలి. అక్కడ గంధం రంగుతో వాదన పెట్టుకోవడం దండగ. రాత్రిళ్లు మాత్రమే వాడే గది, నిద్రపోయే గది, సినిమా చూసే గది అయితే వెలుగు తగ్గడం లోపం కాదు, కోరుకున్నదే. చిన్న గదికి ముదురు పనికిరాదన్న మాట మాత్రం అంత ఖాయం కాదు. కిటికీలు లేని ఇరుకు గదికి ఎంత లేత రంగు వేసినా పగటి వెలుగు ఎక్కడి నుంచీ ఊడిపడదు. తిప్పి పంపడానికి వెలుగంటూ ఉంటే కదా. అలాంటి గదికి వేసిన తెలుపు తరచు మట్టిబారిన బూడిద రంగులా కనిపిస్తుంది. అదే గదికి నిండు ముదురు రంగు వేసి, దీపాలు చక్కగా అమరిస్తే, చీకటి కావాలని ఎంచుకున్నదిలా కనిపిస్తుంది.

ఎక్కువ మోసం చేసేది లేత రంగే

ముదురు రంగు వేయించడానికి అందరూ జంకుతారు. తీరా గోడ మీద ఆశ్చర్యపరిచేది చాలాసార్లు లేత రంగు. ఇది కూడా ఆ గోడ నుంచి గోడకి తిరిగే వెలుగు పనే. గంధం రంగు ఎరుపు, పసుపు వైపు కిరణాలని 75 శాతం, నీలం వైపువాటిని 45 శాతం తిప్పి పంపుతుందనుకుందాం. మొదటి తాకిడికి ఆ రెండింటి మధ్య తేడా 1.7 రెట్లు. అదే వెలుగు రెండో గంధం గోడని తాకి వచ్చేసరికి మొదటివి 56 శాతం, రెండోవి 20 శాతం మిగులుతాయి. తేడా 2.8 రెట్లు అయిపోయింది. కార్డు మీద మర్యాదగా, మెత్తగా కనిపించిన గంధం నాలుగు గోడల మధ్య పచ్చటి పసుపైపోవడం పెయింటరు తప్పు కాదు, డబ్బా మారిపోనూలేదు. గోడలు ఒకదాని రంగు ఒకదాని మీద పూసుకుంటున్నాయి, అంతే. మూలల దగ్గర ఇది మరీ తెలుస్తుంది.

నెమలికంఠం గోడకి ఈ బాధ తక్కువ. అది తిప్పి పంపేదే పదో వంతు. రెండో తాకిడికి మిగిలేది నూటికి ఒక్కటి. అందుకని ముదురు రంగు గోడ మీద దాదాపు కార్డు మీద ఉన్నట్టే, కొంచెం నల్లబడి కనిపిస్తుంది. అనుభవమున్న పెయింటర్లు లేత పసుపు, లేత గులాబీ, లేత ఆకుపచ్చ అడిగినవాళ్లకి ఒక మెట్టు తక్కువ చిక్కదనమున్న షేడ్ చూపిస్తారు. కార్డు మీద కాస్త చప్పగా, బూడిదగా అనిపించే షేడే గదిలో సరిపోతుంది. ఈ సలహా విని కూడా నచ్చిన చిక్కటి షేడే తెచ్చుకుని, ఆరు నెలలకి మళ్లీ రోలర్ పట్టినవాళ్లకి కొదవ లేదు.

పొద్దు, బల్బు

ఒకే గోడ రోజులో మూడు నాలుగు రంగులు మారుతుంది. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదికి ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ పడదు, ఆకాశపు వెలుగు పడుతుంది. అందులో నీలం పాలు ఎక్కువ, రోజంతా పెద్దగా మారదు. దక్షిణార్ధగోళంలో దక్షిణపు గది సంగతి ఇదే. అలాంటి చోట గంధం రంగు తన వెచ్చదనం కోల్పోయి కొంచెం పాలిపోతుంది, నెమలికంఠం నీలం వైపు తిరిగి చల్లగా గంభీరంగా ఉంటుంది. పడమటి గదిలో ఉదయం రెండూ మామూలుగా ఉండి, సాయంత్రం గంధం బంగారంలా మండుతుంది, నెమలికంఠంలోని ఆకుపచ్చ పైకి తేలుతుంది. గదిలో ఎవరూ లేని వేళ అది ఎంత అందంగా ఉంటే ఏం లాభం? ఆ గదిలో మనుషులు నిజంగా ఉండే వేళ ఏదో చూసుకుని, ఆ వేళకి రంగు ఎంచుకోవాలి. చాలా ఇళ్లలో ఆ వేళ దీపాలు పెట్టాక మొదలవుతుంది.

అంటే అసలు నిర్ణేత చాలాసార్లు బల్బు. వార్మ్ వైట్ పేరుతో వచ్చే బల్బుల వెలుగు 2700 నుంచి 3000 కెల్విన్ల దగ్గర ఉంటుంది. వెలుగు ఎంత వెచ్చన, ఎంత చల్లన అని చెప్పే కొలత కెల్విన్; అంకె పెరిగేకొద్దీ నీలం పాలు పెరుగుతుంది. ఆ వెలుగులో నీలం తక్కువ. దాని కింద గంధం వెలుగుతుంది. నెమలికంఠం తిప్పి పంపాల్సిన నీలమే అందక నల్లటి ఆకుపచ్చలోకి దిగిపోతుంది. కూల్ డేలైట్ పేరుతో వచ్చే 6500 కెల్విన్ల బల్బు కింద కథ తలకిందులు. నెమలికంఠానికి ప్రాణం లేచొస్తుంది, గంధం మాత్రం జ్వరం వచ్చి లేచిన మొహంలా ఉంటుంది. 4000 కెల్విన్ల బల్బు ఇద్దరికీ న్యాయం చేసి ఎవరినీ పూర్తిగా సంతోషపెట్టదు. రంగు ఎంపిక ఎటూ తెగనప్పుడు ముందు బల్బు మార్చి చూడటం తెలివైన పని. గోడ మార్చడం కన్నా బల్బు మార్చడం ఎప్పుడూ తేలికే.

బల్బు పెట్టె మీద ఉండే సీఆర్‌ఐ అంకె కూడా చూడాలి. వస్తువుల రంగుల్ని ఆ వెలుగు ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే కొలత అది. ఎనిమిది మృదువైన నమూనా రంగులతో తీసిన సగటు కాబట్టి, చిక్కటి ఎరుపు అందులో లెక్కకే రాదు. 80 అంకె ఉన్న బల్బు కింద చెక్క, ఇటుక రంగు, మనిషి ఒంటి రంగు కొంచెం నీరసంగా కనిపించడం అందుకే. 90 దాటిన బల్బు అయితే చిక్కటి గోడలకి మేలు.

ఇంకో ముడి ఉంది. ఒక వెలుగులో సరిగ్గా కలిసిపోయిన రెండు రంగులు మరో వెలుగులో విడిపోవచ్చు. గోడలోనిదీ, పరదా గుడ్డలోనిదీ వేర్వేరు రంగు పదార్థాలు. కంటికి ఒకటే రంగుగా అనిపించినా అవి తిప్పి పంపే కిరణాల మిశ్రమం వేరు. దుకాణం దీపాల కింద అచ్చుగుద్దినట్టు సరిపోయిన పరదా ఇంటికొచ్చాక గోడతో పొసగకపోతే, కన్ను మోసం చేసిందనుకోనక్కర్లేదు. అందుకే గోడకి సరిగ్గా అదే రంగు గుడ్డ వెతకడం కన్నా, స్పష్టంగా రెండు మూడు మెట్లు తేడా ఉన్నది తీసుకోవడం మంచిది. దగ్గర దగ్గరగా ఉండి కలవనిది పొరపాటులా కనిపిస్తుంది.

సందె చీకటి గురించి ఒక్క మాట. వెలుగు బాగా తగ్గినప్పుడు కంటిలో పని వేరే కణాలకి మారుతుంది. పగటి చూపు 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, పసుపు ఛాయ ఉన్న ఆకుపచ్చలో, అత్యంత చురుగ్గా ఉంటే, చీకటి చూపు 507 దగ్గర, నీలిఛాయ ఉన్న ఆకుపచ్చలో చురుగ్గా ఉంటుంది. సందె వేళ ఎర్రటి పూలు నల్లబడి, ఆకులు తేటగా కనిపించడాన్ని చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే రెండు వందల ఏళ్ల కిందట గమనించాడు. చిన్న రాత్రి దీపం మాత్రమే ఉండే గదిలో నెమలికంఠం ఊహించినంత చీకటిగా ఉండకపోవడం, అదే ముదురుదనమున్న ఇటుక రంగు నల్లటి గోడైపోవడం ఇందువల్లే.

పక్కపక్కన పెట్టి చూడటంలో చిక్కు

1824లో ఫ్రాన్స్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకం విభాగానికి మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతి అయ్యాడు. నల్ల దారం రంగు సరిగా పట్టడం లేదని ఫిర్యాదు. ఆయన ఆ నలుపుని ఇతర కార్ఖానాల నలుపుతో పోల్చి చూస్తే లోపం ఏమీ కనిపించలేదు. తప్పు అద్దకంలో లేదు, ఆ నలుపు పక్కన నేసిన నీలంలో, ఊదాలో ఉంది. పక్కనున్న రంగు తన వ్యతిరేక ఛాయని నలుపు మీద రుద్దుతోంది. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయన్న సూత్రాన్ని ఆయన 1839లో వివరంగా ప్రచురించాడు.

ఇది గోడ రంగు ఎంచుకునేవాళ్లకి నేరుగా తగిలే విషయం. గంధం ముక్కనీ నెమలికంఠం ముక్కనీ పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు గంధం ఉన్నదానికన్నా లేతగా, నారింజ వైపు వెచ్చగా కనిపిస్తుంది. నెమలికంఠం ఉన్నదానికన్నా ముదురుగా, నీలంగా కనిపిస్తుంది. రెండూ అతిశయించి కనిపిస్తున్నాయి. వాటిలో ఒకదాన్నే గదంతా వేస్తే ఆ అతిశయం మాయమవుతుంది, ఎందుకంటే రెచ్చగొట్టే రెండోది అక్కడ ఉండదు. కార్డు మీద మనసు పారేసుకున్న గంధం గోడ మీద ఒక్కోసారి అంత వెచ్చగా లేకపోవడానికి ఇదొక కారణం.

కాబట్టి నియమం కొంచెం విచిత్రంగా ఉంటుంది: రెండింట్లో ఒక్కటే వేయాలనుకుంటే రెండింటినీ కలిపి చూడకూడదు. రెండూ వేయాలనుకుంటేనే కలిపి చూడాలి. ఒక్కటే వేసేటప్పుడు దాన్ని పోల్చాల్సింది ప్రత్యర్థి రంగుతో కాదు, గదిలో మారకుండా ఉండబోయే వాటితో: నేల, తలుపులు, పెద్ద సామాను, పక్క గది గోడ. పక్క గది మరీ ముఖ్యం. కన్ను కాసేపటికి ఏ రంగుకైనా అలవాటుపడి దాని తీవ్రత తగ్గించి చూపిస్తుంది. గడప దాటిన మొదటి క్షణంలో కనిపించే రంగు, అంతకు ముందు గదికి అలవాటైన కన్ను చూసే రంగు. నీలం గదిలోంచి వచ్చినవాళ్లకి గంధం గది మరింత పచ్చగా తోస్తుంది.

కార్డు ముక్క చాలదు. పాత గోడ మీద చిన్న మచ్చ వేసి చూడటం ఇంకా అన్యాయం, ఎందుకంటే పాత రంగు చుట్టూ ఉండి షెవ్రల్ చెప్పిన పనే చేస్తుంది. రెండు పెద్ద అట్టల మీద, ఒక్కో దాని మీద ఒక్కో రంగు, రెండు కోటింగులు వేసి ఆరనివ్వాలి. ఆరకముందు తీర్పు చెప్పకూడదు. తడి ఎమల్షన్ పాలలాగా ఉండి ఎక్కువగా లేతగా కనిపిస్తుంది, ఆరాక ముదురుతుంది. అట్టని నిలువుగా గోడకి ఆనించి చూడాలి, బల్ల మీద పడుకోబెట్టి కాదు. కిటికీ పక్క గోడ మీద, కిటికీకి ఎదురు గోడ మీద, మూలలో, ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడాలి. గంధం లాంటి లేత రంగుకి ఇంకో చిట్కా ఉంది. ఖాళీ చెప్పుల పెట్టె లోపలంతా ఆ రంగు వేసి, ఒక పక్క కంతలోంచి వెలుగు వచ్చేలా పెట్టి, లోపలికి తొంగిచూడాలి. గోడలు ఒకదానికొకటి రంగు పూసుకునే సంగతి ఆ చిన్న పెట్టెలోనే బయటపడుతుంది.

ఫోన్లో ఫొటో తీసి బంధువులకి పంపి ఓట్లు వేయించుకోవడం సరదాగా ఉంటుంది గానీ నమ్మదగ్గది కాదు. కెమెరా వెచ్చటి వెలుగుని తనంతట తాను తెలుపు వైపు సరిదిద్దేస్తుంది. గోడ వెచ్చదనం కూడా దాంతో పోతుంది. ఫోన్ ఒక్క పనికి బాగా ఉపయోగపడుతుంది: ఫొటోని నలుపు తెలుపులోకి మార్చడం. అప్పుడు రంగు పక్కకి తప్పుకుని లేత ముదురులే మిగులుతాయి. రెండు అట్టలూ దాదాపు ఒకే బూడిదగా కనిపిస్తే, ఆ రెండు రంగుల మధ్య తగవు నిజంగా అభిరుచికి సంబంధించిందే. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా కనిపిస్తే పైన వేసుకున్న వెలుగు లెక్క దగ్గరికి తిరిగి వెళ్లాలి.

రెండూ కావాలంటే

తేల్చుకోలేకపోతే రెండూ వేసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అది మంచి సలహానే, అయితే చెరిసగం పంచితే కాదు. రెండు గోడలు గంధం, రెండు గోడలు నెమలికంఠం వేసిన గది రాజీ పత్రంలా ఉంటుంది. ఒకటి గది రంగు కావాలి, రెండోది దానిలో చోటు తీసుకున్నది కావాలి. ఇంటీరియర్ డిజైనర్లు 60, 30, 10 అని ఒక వాటా చెబుతారు: ప్రధాన రంగుకి 60 శాతం, రెండోదానికి 30, మూడోదానికి 10. అది లెక్క కాదు, గుర్తుంచుకోవడానికి పెట్టుకున్న సూత్రం. ఒకటి స్పష్టంగా ఎక్కువ ఉండాలన్నదే దాని సారం.

ఏ గోడ ముదురు కావాలన్న దగ్గర చాలామంది తడబడతారు. కిటికీ ఉన్న గోడకి ముదురు వేస్తే, కళ్లు చెదిరే కిటికీ వెలుగు పక్కన నల్లటి గోడ నిలబడి కంటికి శ్రమ పెడుతుంది. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ వెలుగుని గదిలోకి తిప్పి పంపే గోడ, దాన్ని ముదురు చేస్తే నష్టం ఎక్కువ. మిగిలేవి పక్క గోడలు. మంచం తల వైపు గోడో, సోఫా వెనక గోడో అయితే ఆ గోడ ముందు కూర్చున్నవాళ్లకి అది కనిపించదు, లోపలికి వచ్చేవాళ్లకి కనిపిస్తుంది. కిటికీ పక్క గోడ మీద వెలుగు ఏటవాలుగా పడి, పుట్టీ సరిగా అరగదీయని చోట్లన్నీ బయటపెడుతుంది. ముదురు రంగుకి కాస్త మెరుపు కూడా ఉంటే మరీను. అక్కడ మ్యాట్ (మెరుపు లేని పెయింటు) తప్ప వేరే ఆలోచన వద్దు.

రెండు రంగులు కలిసే గీత లోపలి మూలలో ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిన మూల మీద రంగు మారితే గోడ మీద కాగితం అంటించినట్టు పలచగా అనిపిస్తుంది. గీత తిన్నగా రావడానికి ఒక పద్ధతి: మాస్కింగ్ టేపు అంటించాక, టేపు అంచు మీద ముందు కింద ఉన్న రంగునే పలచగా పూసి ఆరనిచ్చి, ఆ తర్వాత కొత్త రంగు వేయడం. టేపు కిందికి పాకేదేదైనా ఉంటే అది పాత రంగే అవుతుంది.

ఒకే ముదురుదనమున్న రెండు చిక్కటి విరుద్ధ రంగుల్ని, ఎరుపూ ఆకుపచ్చా లాంటి వాటిని, పక్కపక్కన పెట్టడం వేరే ప్రమాదం. ఆ సరిహద్దు కంటికి నిలకడగా ఉండదు, వణుకుతున్నట్టు ఉంటుంది. నలుపు తెలుపు ఫొటోలో ఆ గీత కనిపించకుండా పోతుందంటే ఆ జంట గోడలకి పనికిరాదు. గంధం, నెమలికంఠం జంటకి ఆ ఇబ్బంది లేదు. వాటి బలం ఇదే.

సీలింగు ఎత్తుగా కనిపించాలంటే గోడలు ముదురుగా, సీలింగు లేతగా ఉండి రెండింటి మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉండాలని చాలామంది నమ్మకం. జర్మనీ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆ తేడాకి ప్రాధాన్యం కనిపించలేదు. సీలింగు ఎంత లేతగా ఉంటే గది అంత ఎత్తుగా అనిపించింది, గోడలు లేతగా ఉన్నా కొంత తోడైంది.

మనసు మీద ప్రభావం

ఫలానా రంగు ప్రశాంతత ఇస్తుంది, ఫలానాది ఆకలి పెంచుతుంది అన్న మాటలు షేడ్ కార్డుల వెనక ధారాళంగా దొరుకుతాయి. వాటిని ఎంత నమ్మాలో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో ఒక నౌకాదళ నిర్బంధ కేంద్రంలో గదికి గాఢ గులాబీ రంగు వేస్తే ఖైదీల దుడుకుతనం తగ్గిందన్నారు. ఆ కేంద్రం అధికారులిద్దరి పేర్లతో ఆ రంగుకి బేకర్ మిల్లర్ పింక్ అని పేరు స్థిరపడింది, ఇతర జైళ్లూ ఆ రంగు వేశాయి. తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. నీలం గదిలో నిద్ర పడుతుందా అన్నదాని కన్నా, ఆ గదిలో రాత్రి ఎంత వెలుగు ఉంటుందన్నది ఎక్కువ లెక్కలోకొస్తుంది. నెమలికంఠం ఇష్టమైతే ఇష్టమని వేసుకోవచ్చు. దానికి మనస్తత్వశాస్త్రం సంతకం అక్కర్లేదు.

డబ్బా లోపల

రెండు రంగులకీ పని ఒకేలా ఉండదు. లేత రంగులు తెల్ల బేస్‌లో (రంగు కలపడానికి ముందున్న మూల పెయింటులో) కలుపుతారు. అందులో టైటానియం డయాక్సైడ్ నిండుగా ఉంటుంది. ఆ పొడి వెలుగుని చాలా బలంగా చెదరగొడుతుంది కాబట్టి కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. ముదురు రంగులకి డీప్ బేస్ వాడతారు, అందులో ఆ తెల్ల పొడి చాలా తక్కువ. ఉంటే రంగు ముదురు కానే కాదు మరి. దాంతో కప్పే భారమంతా రంగు పిగ్మెంట్ల (రంగునిచ్చే పొడుల) మీద పడుతుంది. అచ్చమైన పసుపు, మెరిసే ఎరుపు ఈ విషయంలో అందరికన్నా బలహీనం, మూడు నాలుగు కోటింగులు పట్టవచ్చు. నెమలికంఠంలో నలుపు పాలు కొంత ఉంటుంది కాబట్టి కొంచెం నయం. కింద తెల్ల ప్రైమర్ బదులు బూడిద రంగు ప్రైమర్ వేస్తే ఒక కోటింగు మిగలొచ్చు. గంధం రంగుకి వాడే పసుపు సాధారణంగా ఇనుప ఆక్సైడ్, అది ఎండకి వెలవదు. నెమలికంఠంలోని నీలి ఆకుపచ్చ పిగ్మెంట్లు కూడా ఎండకి గట్టిగా నిలబడేవే. వెలిసిపోయే భయం ఎక్కువగా కొన్ని గులాబీ, ఊదా, మెరుపు పసుపు రంగులతోనే.

మరకల సంగతిలో ముదురు రంగు భద్రమన్న నమ్మకం సగమే నిజం. చేతి ముద్రలు, మసి లేత గోడ మీద కనిపిస్తాయి. గీతలు, దుమ్ము, తడిగోడ నుంచి పొడుచుకొచ్చే ఉప్పు ముదురు గోడ మీద కనిపిస్తాయి. పైగా మ్యాట్ ముదురు గోడని గుడ్డతో రుద్దితే రుద్దినచోట నునుపెక్కి మెరుస్తుంది, ఆ మచ్చ పోదు. కొద్దిగా మెరిసే శాటిన్ వేస్తే తుడవడం సులువు, కిటికీ ప్రతిబింబం మాత్రం గోడ మీద పొడవుగా సాగి కనిపిస్తుంది. మనసు మారితే గంధం మీద నెమలికంఠం రెండు కోటింగుల పని. నెమలికంఠం మీద గంధం అంటే ముందు ప్రైమర్, ఆ తర్వాత రెండు మూడు కోటింగులు. ఈ ఒక్క కారణానికి లేత రంగుతోనే మొదలుపెట్టమనేవాళ్లు ఉన్నారు. అదే వాదన చివరిదాకా లాగితే ఎవరూ తెలుపు దాటి పోకూడదు.

ఏది ఎంచుకున్నా ఆ గదికి కావలసిన డబ్బాలన్నీ ఒకేసారి కలిపించాలి. దుకాణంలో రంగు కలిపే టింటింగ్ మెషీన్ ఒకే కోడ్‌కి రెండు రోజుల్లో రెండు డబ్బాలు కలిపినా చిన్న తేడా రావచ్చు. ముదురు రంగుల్లో అది గోడ మధ్యలో పట్టీలా తేలుతుంది. పని మొదలుపెట్టే ముందు డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలియబెట్టి, మిగిలినదాన్ని మూత బిగించి, ఆ మూత మీద షేడ్ కోడ్, బేస్ పేరు, వేసిన తేదీ, ఏ గోడో రాసి పెట్టుకోవాలి.